రాసిన హుక్‌లు, ఫైరైన హుక్‌లు: వర్డ్‌ప్రెస్ సైట్‌ను రెండు వైపుల నుంచీ చదవడం

ముప్ఫై ప్లగిన్లు, ఒక చైల్డ్ థీమ్, ఎప్పుడో ఎవరో రాసి వదిలేసిన రెండు కస్టమ్ ప్లగిన్లు. ఇలాంటి వర్డ్‌ప్రెస్ సైట్ చేతికొచ్చినప్పుడు మొదట పుట్టే ప్రశ్న చిన్నదే: ఈ బటన్ నొక్కితే ఏ ఫంక్షన్ నడుస్తుంది? కోడ్‌లో వెతికితే దొరకాలి కదా అనిపిస్తుంది. చాలాసార్లు దొరకదు. వర్డ్‌ప్రెస్‌లో చాలాచోట్ల ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను నేరుగా పిలవదు, మధ్యలో హుక్ ఉంటుంది, అంటే వేరే కోడ్ వచ్చి తగులుకునేందుకు పేరు పెట్టి వదిలిన చోటు. ఒక ఫైల్లో యాడ్_యాక్షన్‌తో కాల్‌బ్యాక్‌ను (ఆ హుక్ దగ్గర నడవాల్సిన ఫంక్షన్‌ను) తగిలిస్తారు, వేరే ఫైల్లో డూ_యాక్షన్ ఆ హుక్‌ను ఫైర్ చేస్తుంది, ఆ రెండు చోట్లనూ కలిపేది ఒక స్ట్రింగ్ మాత్రమే. ఆ స్ట్రింగ్ కూడా కొన్నిచోట్ల అప్పటికప్పుడు తయారవుతుంది. ‘సేవ్_పోస్ట్_’ అన్న ముక్కకు పోస్ట్ టైప్ పేరు అతికించి కోర్ (వర్డ్‌ప్రెస్ సొంత కోడ్) ఒక హుక్‌ను ఫైర్ చేస్తుంది. మీరు ‘సేవ్_పోస్ట్_ప్రోడక్ట్’ అని వెతికితే తగిలించిన చోటు కనిపిస్తుంది, ఫైర్ చేసే చోటు కనిపించదు.

సరే, నడిపి చూద్దాం అంటే అదీ పూర్తి జవాబు కాదు. మీరు నొక్కిన బటన్లు, మీరు లాగినైన రోల్, మీరు చూసిన రోజు, ఇంతవరకే అది చెబుతుంది. నెలకోసారి నడిచే క్రాన్ పని (టైమ్ ప్రకారం దానంతటదే నడిచేది) ఈ వారం కనిపించదు. పేమెంట్ ఫెయిలైతే నడిచే దారి, పేమెంట్ ఫెయిలవకపోతే కనిపించదు.

కోడ్ చదివితే ‘ఏమేం జరగొచ్చు’ అన్న పెద్ద జాబితా వస్తుంది, నడిపి చూస్తే ‘ఏం జరిగింది’ అన్న చిన్న జాబితా వస్తుంది. చాలామంది ఈ రెంటినీ విడివిడిగా చేసి విడివిడిగా పక్కన పెట్టేస్తారు. అసలు పని అక్కడే మొదలవుతుంది. రెండు జాబితాలకూ ఒకే కీ పెట్టి, ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేసి, మిగిలిన ప్రతి వరుసకూ ‘ఎందుకు మిగిలింది’ అన్నదానికి జవాబు రాయాలి. సైట్ అర్థమయ్యేది ఆ మిగిలిన వరుసల దగ్గరే.

ముందు చేయాల్సినవి

లైవ్ సైట్ మీద ఇవేవీ చేయొద్దు. ఫైళ్లు, డేటాబేస్ రెండూ ఒకే సమయంలో తీసిన కాపీతో స్టేజింగ్ (ప్రయోగాలకు వేరే సైట్) పెట్టండి. అందులో బయటికి మెయిల్ వెళ్లకుండా కట్టేయండి, పేమెంట్ గేట్‌వేను టెస్ట్ మోడ్‌లోకి మార్చండి, డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో డిజేబుల్_డబ్ల్యూపీ_క్రాన్ ట్రూ చేయండి. ఈ మూడోది మర్చిపోతే, మీరు ఏదో పేజీ తెరిచినప్పుడు పక్కనే క్రాన్ లేచి, లైవ్‌లో ఎప్పుడో పోవాల్సిన రిమైండర్ మెసేజ్‌లు స్టేజింగ్ నుంచి కస్టమర్లకు పోతాయి.

తర్వాత, చదవనక్కర్లేని కోడ్‌ను పక్కకు తీసేయండి. కమాండ్ లైన్ నుంచి వర్డ్‌ప్రెస్‌ను నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐలో కోర్ వెరిఫై-చెక్‌సమ్స్, ప్లగిన్ వెరిఫై-చెక్‌సమ్స్ అని రెండు కమాండ్లున్నాయి. రెండోదానికి ఆల్ ఆప్షన్ ఇస్తే అన్ని ప్లగిన్లనూ ఒకేసారి చూస్తుంది. మీ దగ్గరున్న ఫైళ్లు వర్డ్‌ప్రెస్ విడుదల చేసిన ఫైళ్లతో అచ్చంగా సరిపోతున్నాయా లేదా అని ఇవి చెబుతాయి. సరిపోయినవాటిలో ఎవరూ చేయి పెట్టలేదు, వాటికి డాక్యుమెంటేషన్ బయట ఉంది. సరిపోనివి మీరు చదవాల్సినవి. డబ్బు పెట్టి కొన్న ప్లగిన్లు వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో ఉండవు కాబట్టి ఈ పరీక్షకు అందవు, అమ్మినవాళ్ల దగ్గర అదే వెర్షన్ జిప్ తెచ్చి డిఫ్ చేసి తేడాలు చూసుకోవాలి. ఈ ఒక్క అడుగుతోనే చదవాల్సిన కోడ్ బాగా తగ్గిపోతుంది.

కోడ్ వైపు జాబితా

మొదటి అరగంటకు గ్రెప్ (ఫైళ్లలో మాటలు వెతికే కమాండ్) చాలు. యాడ్_యాక్షన్, యాడ్_ఫిల్టర్, యాడ్_షార్ట్‌కోడ్, రిజిస్టర్_రెస్ట్_రూట్, డబ్ల్యూపీ_షెడ్యూల్_ఈవెంట్, ఈ ఐదు పేర్ల మీద వెతికితే సైట్ ఆకారం తెలుస్తుంది. కానీ తీసివేతకు పనికొచ్చే జాబితా కావాలంటే గ్రెప్ చాలదు. ఒక కాల్ నాలుగు లైన్లలో పరుచుకుని ఉంటుంది, కామెంట్లో ఉన్న పాత కోడ్ కూడా తగులుతుంది. నికితా పొపోవ్ మొదలుపెట్టిన పీహెచ్‌పీ-పార్సర్ లైబ్రరీ వాడండి. కోడ్‌లో తప్పులు వెతికే పీహెచ్‌పీస్టాన్ కూడా దాని మీదే కట్టింది. పార్సర్ కోడ్‌ను చెట్టులా విప్పి ఇస్తుంది, ప్రతి కాల్ నోడ్ దగ్గర ఆగి మొదటి ఆర్గ్యుమెంట్ హుక్ పేరు, రెండోది కాల్‌బ్యాక్, మూడోది ప్రయారిటీ, నాలుగోది ఎన్ని ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుందో రాసుకోవాలి. మూడోది ఇవ్వకపోతే 10, నాలుగోది ఇవ్వకపోతే 1.

హుక్ పేరు మూడు రకాలుగా ఉంటుంది. మామూలు స్ట్రింగ్ అయితే అలాగే రాసుకోండి. కొంత స్ట్రింగ్, కొంత వేరియబుల్ అయితే వేరియబుల్ ఉన్నచోట ‘ఏదైనా’ అని పెట్టి ప్యాటర్న్‌గా మార్చండి. మొత్తం వేరియబులే అయితే వదిలేయకండి, ‘తెలియదు’ అని ఫైలు పేరు, లైను నంబరుతో సహా రాయండి. ఈ ‘తెలియదు’ వరుసలే తర్వాత నడిపి చూసినప్పుడు జవాబు అడగాల్సిన ప్రశ్నలు. వాటిని పారేసే టూల్‌ను నమ్మొద్దు.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. వర్డ్‌ప్రెస్ ప్లగిన్ బాయిలర్‌ప్లేట్ అనే ప్రసిద్ధమైన అచ్చుతో తయారైన ప్లగిన్లు యాడ్_యాక్షన్‌ను నేరుగా పిలవవు. వాటిలో లోడర్ అని ఒక క్లాస్ ఉంటుంది. ప్లగిన్ కోడ్ ఆ లోడర్ ఆబ్జెక్ట్ మీద యాడ్_యాక్షన్ అనే మెథడ్‌ను పిలుస్తుంది, లోడర్ అవన్నీ ఒక అర్రేలో దాచుకుని, చివర్లో రన్ మెథడ్‌లో ఒక లూప్ తిప్పి అసలు వర్డ్‌ప్రెస్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. మీ స్క్రిప్ట్ ఫంక్షన్ కాల్స్‌నే చూస్తుంటే, నలభై హుక్‌లున్న ప్లగిన్ కూడా రెండు ‘తెలియదు’ వరుసలుగా కనిపిస్తుంది: యాక్షన్లకు ఒకటి, ఫిల్టర్లకు ఒకటి. మెథడ్ కాల్స్‌లో కూడా ఆ పేరున్నవాటిని పట్టుకోవాలి. వాటిలో ఆర్గ్యుమెంట్ల వరుస వేరు: హుక్, తర్వాత ఆబ్జెక్ట్, తర్వాత మెథడ్ పేరు. ఇలాంటి ర్యాపర్లు (అసలు ఫంక్షన్‌ను తమ లోపల దాచి పిలిచే కోడ్) చాలా కంపెనీల ప్లగిన్లలో ఉంటాయి. ‘తెలియదు’ వరుసలు ఒకే ఫైల్లో లూప్ లోపల కనిపిస్తే అది ర్యాపర్ అని దాదాపు ఖాయం.

ఎజాక్స్ (పేజీ మారకుండా వెనక పోయే రిక్వెస్ట్‌లు), రెస్ట్ రూట్లకు (ప్రోగ్రాములు పిలిచే చిరునామాలకు) ఇంకో కాలమ్ జోడించండి: ఆ కాల్‌బ్యాక్ లోపల అధికారం చూసే కరెంట్_యూజర్_క్యాన్ ఉందా, చెక్_ఎజాక్స్_రెఫరర్ ఉందా, రెస్ట్ అయితే పర్మిషన్_కాల్‌బ్యాక్ ఏం తిరిగిస్తోంది. ఇది కోడ్ చదివితేనే తెలిసే విషయం. నడిపి చూస్తే, లేని తనిఖీ ఎప్పటికీ కనిపించదు.

నడక వైపు జాబితా

డబ్ల్యూపీ-కంటెంట్‌లో ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డర్లో ఒక చిన్న ఫైలు పెట్టండి, ముప్ఫై నలభై లైన్లు చాలు. అక్కడి ఫైళ్లు మామూలు ప్లగిన్లకన్నా ముందు లోడవుతాయి, అడ్మిన్ పేజీలో ఎవరూ పొరపాటున ఆఫ్ చేయలేరు. ఆ ఫైలు రెండు పనులు చేయాలి. ఒకటి, ‘ఆల్’ అనే ప్రత్యేక హుక్‌కు తగిలి, ఫైరైన ప్రతి హుక్ పేరుకూ ఒక లెక్క పెంచుతూ పోవడం. రెండు, ‘షట్‌డౌన్’ హుక్ దగ్గర ఆ రిక్వెస్ట్ మెథడ్, పాత్, ఎజాక్స్ యాక్షన్ పేరు, యూజర్ రోల్, ఫైరైన హుక్‌ల లెక్కలు, డబ్ల్యూపీ_ఫిల్టర్ గ్లోబల్‌లో ఉన్న కాల్‌బ్యాక్‌లు, గెట్_ఇంక్లూడెడ్_ఫైల్స్ ఇచ్చిన ఫైళ్లు, అన్నిటినీ ఒక జేసన్ లైనుగా వెబ్‌రూట్ బయట ఉన్న ఫైల్లో రాయడం. కోడ్ మధ్యలో ఎక్కడ ఎగ్జిట్ అన్నా షట్‌డౌన్ నడుస్తుంది, అందుకే అది సరైన చోటు.

‘ఆల్’ హుక్‌కు తగిలించిన ఫంక్షన్లో అర్రే లెక్క పెంచడం తప్ప ఇంకేమీ చేయకండి. అందులో గెట్_ఆప్షన్ పిలిచారనుకోండి, అది లోపల అప్లై_ఫిల్టర్స్ పిలుస్తుంది, అప్లై_ఫిల్టర్స్ మళ్లీ ‘ఆల్’ను లేపుతుంది, అది మళ్లీ గెట్_ఆప్షన్ పిలుస్తుంది. మెమరీ అయిపోయేదాకా తిరిగి సైట్ తెల్ల పేజీ అవుతుంది. అనువాదం కోసం వాడే ఫంక్షన్ కూడా ఫిల్టర్ల గుండానే పోతుంది కాబట్టి అదీ వద్దు.

కాల్‌బ్యాక్‌ల అసలు చిరునామా పీహెచ్‌పీలోని రిఫ్లెక్షన్‌తో (నడుస్తున్న కోడ్ వివరాలు అడిగే సదుపాయం) తీయొచ్చు: ఏ ఫైలు, ఎక్కడ మొదలవుతుంది, ఏ క్లాస్‌లో రాశారు. కీ తయారు చేసేటప్పుడు ఇక్కడ జాగ్రత్త. రిఫ్లెక్షన్ ఇచ్చేది ఫంక్షన్ రాసిన లైను, పార్సర్ ఇచ్చేది దాన్ని తగిలించిన లైను. రెండూ పోలిస్తే ఒక్కటీ సరిపోదు, అన్నీ తేడాలుగానే కనిపిస్తాయి. హుక్ పేరు, క్లాస్, మెథడ్ కలిపి కీ చేయండి. పేరు లేని ఫంక్షన్లకు, అంటే క్లోజర్లకు మాత్రం ఫైలు, లైను వాడండి. క్లోజర్‌ను యాడ్_యాక్షన్ లోపలే రాస్తారు కాబట్టి పార్సర్ నుంచి క్లోజర్ నోడ్ లైను తీసుకుంటే సరిపోతుంది. పాత్‌లు రెండు వైపులా వర్డ్‌ప్రెస్ రూట్ నుంచి మొదలయ్యేలా కత్తిరించండి. ప్లగిన్ ఫోల్డర్ సిమ్‌లింక్ (వేరే చోటికి దారి చూపే లింక్) అయితే రిఫ్లెక్షన్ అసలు చోటును చూపిస్తుంది, పార్సర్ మీరు ఇచ్చిన పాత్‌నే చూపిస్తుంది, అదీ సరిచేసుకోవాలి.

వారసత్వం ఉన్నచోట ఇంకో మెలిక. బేస్ క్లాస్ కన్‌స్ట్రక్టర్‌లో ‘నా సేవ్ మెథడ్‌ను తగిలించు’ అని ఉంటుంది, ఆ సేవ్‌ను ఐదు చైల్డ్ క్లాసులు వాటికవి తిరగరాసుకుంటాయి. కోడ్ వైపు ఒక వరుస, నడక వైపు ఐదు. ఇది తప్పు కాదు, నిజం. బేస్ క్లాస్ పేరును ఇంకో కాలమ్‌లో ఉంచుకుంటే ఐదూ ఆ ఒక్కదానికి ముడిపడతాయి.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. రిజిస్టర్ అయింది, ఫైరైంది, నడిచింది, ఈ మూడూ ఒకటి కావు. టెంప్లేట్_రీడైరెక్ట్ హుక్ మీద ప్రయారిటీ 10లో ఉన్న ఫంక్షన్ వేరే పేజీకి పంపి ఎగ్జిట్ అంటే, 20లో ఉన్నది రిజిస్టరై ఉంటుంది, హుక్ ఫైరై ఉంటుంది, అది మాత్రం నడవదు. నిజంగా నడిచిందా అని తేల్చాలంటే ఎక్స్‌డీబగ్ అనే పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ ఇచ్చే ట్రేస్, అంటే నడిచిన ఫంక్షన్ల వరుస రికార్డు, కావాలి.

ఎక్స్‌డీబగ్ 3లో మోడ్ ట్రేస్, స్టార్ట్_విత్_రిక్వెస్ట్ ట్రిగ్గర్, ట్రేస్_ఫార్మాట్ 1 పెట్టండి. ఫార్మాట్ 1 అంటే ట్యాబ్‌లతో విడదీసిన లైన్లు, స్క్రిప్ట్‌తో చదవడం సులువు. ట్రేస్ ఫైలు పేరు తప్పనిసరిగా మార్చండి. డిఫాల్ట్ పేరు పని చేస్తున్న ఫోల్డర్ నుంచి లెక్కగట్టిన అంకెతో వస్తుంది, ఒకే ఫోల్డర్ నుంచి వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌కూ అదే పేరు. అంటే రెండో రిక్వెస్ట్ మొదటిదాన్ని తుడిచేస్తుంది. అడ్మిన్ పేజీ తెరిచి, దాని వెనకే ఎజాక్స్ కాల్ పోయే సైట్లో మీకు మిగిలేది ఏదో ఒకటే. మైక్రోసెకండ్ల టైమ్, ప్రాసెస్ ఐడీ వచ్చేలా పేరు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఫైళ్లు విపరీతంగా పెరుగుతాయి కాబట్టి ఎక్స్‌డీబగ్_సెట్_ఫిల్టర్‌తో మీరు చదవాలనుకున్న ప్లగిన్ ఫోల్డర్లకే పరిమితం చేయండి.

డేటాబేస్ కోసం సేవ్‌క్వెరీస్ ఆన్ చేస్తే ప్రతి క్వెరీ, పట్టిన సమయం, దాన్ని పిలిచిన ఫంక్షన్ల వరుస డబ్ల్యూపీడీబీ ఆబ్జెక్ట్‌లో చేరతాయి. కానీ వర్డ్‌ప్రెస్‌ను పక్కనపెట్టి సొంతంగా మైఎస్‌క్యూఎల్ కనెక్షన్ తెరుచుకునే ప్లగిన్ దీనికి దొరకదు. స్టేజింగ్‌లో మైఎస్‌క్యూఎల్ జనరల్ లాగ్ కాసేపు ఆన్ చేసి రెంటినీ పోల్చండి. జనరల్ లాగ్‌లో ఉండి సేవ్‌క్వెరీస్‌లో లేని క్వెరీ ఉంటే, ఎవరైనా వెనక తలుపు నుంచి వెళ్తున్నారేమో చూడండి.

ఏ రిక్వెస్ట్‌లు నడపాలి

తోచిన పేజీలు తిరగడం కాదు. లైవ్ సర్వర్ యాక్సెస్ లాగ్ ఒక నెలది తీసుకుని మెథడ్, పాత్ జంటలుగా లెక్కగట్టండి. వాడకం ఎక్కడుందో తెలుస్తుంది.

తెలుగు సైట్లలో ఇక్కడ ఒక అదనపు పని ఉంది. తెలుగు స్లగ్‌లు (పేజీ చిరునామాలో దాని పేరు ముక్క) శాతం గుర్తులతో ఎన్‌కోడై ఉంటాయి. వర్డ్‌ప్రెస్ వాటిని డేటాబేస్‌లో చిన్న అక్షరాలతో దాస్తుంది, బ్రౌజర్ తానుగా ఎన్‌కోడ్ చేసినప్పుడు పెద్ద అక్షరాలతో పంపుతుంది. లాగ్‌లో ఒకే పేజీ రెండు పేర్లతో కనిపిస్తుంది. డీకోడ్ చేశాకే లెక్కపెట్టండి. పైగా స్లగ్ దాచే కాలమ్ 200 క్యారెక్టర్లే. ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తు మూడు బైట్లు, ఎన్‌కోడైతే తొమ్మిది క్యారెక్టర్లు, అంటే ఒత్తులూ గుణింతాలూ కలిపి 22 గుర్తులే పడతాయి. ‘ఆంధ్రప్రదేశ్’ అన్న మాటలోనే 12 గుర్తులున్నాయి, 108 క్యారెక్టర్లు అక్కడే పోతాయి. ‘తెలంగాణ’ 63. మధ్య గీతతో కలిపి 172. ఇక మిగిలే చోటు మూడు గుర్తులకే. అందుకే ఒకేలా మొదలయ్యే పొడవాటి శీర్షికలన్నీ ఒకే స్లగ్‌కు కత్తిరించుకుపోయి, చివర 2, 3 అని తోకలతో కనిపిస్తాయి. అవి నకిలీ పేజీలు అనుకుని లెక్కలోంచి తీసేయకండి, వేరే వేరే వార్తలు.

యాక్సెస్ లాగ్ చూపించని పెద్ద సంగతి ఎజాక్స్. అడ్మిన్-ఎజాక్స్‌కు పోస్ట్‌లో వెళ్లిన రిక్వెస్ట్‌ల యాక్షన్ పేరు బాడీలో ఉంటుంది, లాగ్‌లో బాడీ ఉండదు. కాంటాక్ట్ ఫారం, ఓటింగ్, కార్ట్, సెర్చ్ సూచనలు, అన్నీ లాగ్‌లో ఒకే వరుస. దీనికోసం లైవ్‌లో కొన్ని రోజులపాటు యాక్షన్ పేరు, లాగిన్ అయ్యారా లేదా, ఈ రెండు మాత్రమే రాసే చిన్న ఎంయూ-ప్లగిన్ పెట్టండి. మిగతా ఫీల్డుల విలువలు ఎట్టి పరిస్థితిలోనూ రాయొద్దు, అందులో పాస్‌వర్డ్‌లు, ఫోన్ నంబర్లు ఉంటాయి.

ప్రతి రిక్వెస్ట్‌నూ కనీసం నాలుగు రకాలుగా నడపాలి: లాగిన్ లేకుండా, సబ్‌స్క్రైబర్‌గా, ఎడిటర్‌గా, అడ్మినిస్ట్రేటర్‌గా. క్యాష్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, నిండాక ఒకసారి. పేజ్ క్యాష్ ప్లగిన్ పెట్టే అడ్వాన్స్‌డ్-క్యాష్ ఫైలు ఎంయూ-ప్లగిన్ల కన్నా ముందే నడిచి, దాచిన పేజీ ఇచ్చేసి ఆగిపోతుంది. అప్పుడు మీ రికార్డర్ (పైన పెట్టిన ఎంయూ-ప్లగిన్ ఫైలు) అసలు లోడే కాదు. లైన్ రాలేదంటే ఏమీ జరగలేదని కాదు. క్రాన్ పనులను డబ్ల్యూపీ-సీఎల్ఐలో క్రాన్ ఈవెంట్ లిస్ట్‌తో చూసి, ఒక్కొక్కటీ చేత్తో నడపండి.

తీసివేత

రెండు కీ జాబితాలనూ సార్ట్ చేసి, తేడాలు చూపే కామ్ కమాండ్‌కు ఇవ్వండి. సార్ట్, కామ్ రెండు చోట్లా ఎల్‌సీ_ఆల్ విలువ సీ అని పెట్టండి. లొకేల్ వేరైతే సార్ట్ వరుస మారి, ఉన్నవి కూడా లేనట్టు చూపిస్తుంది.

కోడ్‌లో ఉండి నడకలో లేనివి ముందు చూద్దాం. చేతికి మొదట తగిలేది డబ్ల్యూపీ_ఎజాక్స్_నోప్రివ్_ అని మొదలయ్యే హుక్‌లు. అడ్మిన్-ఎజాక్స్ ఫైలు చివరికొచ్చేసరికి చేసే పని సూటిగా ఉంటుంది: లాగిన్ అయి ఉంటే డబ్ల్యూపీ_ఎజాక్స్_ ముందు పెట్టి ఫైర్ చేస్తుంది, లేకపోతే నోప్రివ్ పేరుతో ఫైర్ చేస్తుంది. ఎప్పుడూ రెండూ కాదు. అడ్మిన్‌గా లాగినై సైట్ మొత్తం తిరిగినవాళ్లకు నోప్రివ్ కాల్‌బ్యాక్‌లన్నీ చచ్చిన కోడ్‌లాగే కనిపిస్తాయి. వాటిని తీసేస్తే, పరీక్షలో అంతా బాగానే ఉంటుంది, బయటి సందర్శకులకు మాత్రం ఫారం పనిచేయదు. వాళ్లకు 400 ఎర్రర్‌తో ఒక సున్నా వస్తుంది, అంతే.

ఇదే వరుసను పక్కనున్న పర్మిషన్ కాలమ్‌తో కలిపి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. నోప్రివ్ హుక్, లాగిన్ లేకుండా నడిచింది, లోపల డేటాబేస్‌లో రాసింది, కరెంట్_యూజర్_క్యాన్ లేదు. ఈ నాలుగూ ఒకే వరుసలో ఉంటే ఆ ఫంక్షన్‌ను ఆ రోజే చదవండి. చెక్_ఎజాక్స్_రెఫరర్ ఉంది కదా అని వదలకండి. అది చూసేది నాన్స్‌ను (కొన్ని గంటలే చెల్లే భద్రతా టోకెన్‌ను), అధికారాన్ని కాదు. లాగిన్ లేని సందర్శకుల యూజర్ ఐడీ సున్నా కాబట్టి మామూలుగా వాళ్లందరికీ ఒకే నాన్స్ వస్తుంది, పేజీ సోర్స్ తెరిస్తే ఎవరికైనా కనిపిస్తుంది. అడ్మిన్_ఇనిట్ హుక్ కూడా ఇలాంటిదే. పేరు చూసి అడ్మిన్లకే నడుస్తుందనుకుంటారు. అడ్మిన్-ఎజాక్స్‌కు లాగిన్ లేకుండా వచ్చిన రిక్వెస్ట్‌లోనూ అది ఫైరవుతుంది, ఈజ్_అడ్మిన్ కూడా అక్కడ ట్రూ అనే చెబుతుంది. పేరు చదివితే తెలియనిది, లాగిన్ లేని ఒక్క రిక్వెస్ట్ రికార్డు చూస్తే తెలిసిపోతుంది.

నాన్స్ దగ్గరే ఇంకో తప్పు ఉంటుంది, అది రెండు జాబితాల్లోనూ కనిపించదు. నాన్స్ ఆయుష్షు డిఫాల్ట్‌గా ఒక రోజు, 12 గంటల రెండు ముక్కలుగా లెక్క. పుట్టిన వేళను బట్టి 12 నుంచి 24 గంటల మధ్య ఎప్పుడో చెల్లకుండా పోతుంది. పేజ్ క్యాష్ ఆయుష్షు అంతకన్నా ఎక్కువ పెడితే, పాత పేజీలో అచ్చైన పాత నాన్స్‌తో ఫారం వెళ్తుంది, 403 వస్తుంది, పేజీ క్యాష్ ఖాళీ చేయగానే బాగైపోతుంది, మళ్లీ మర్నాడు మొదలవుతుంది. కోడ్ చదివితే తప్పు లేదు. స్టేజింగ్‌లో క్యాష్ ఆపి నడిపితే తప్పు లేదు. స్టేజింగ్‌ను లైవ్ లాగే క్యాష్‌తో కూడా నడపమనేది ఇందుకే.

ఇప్పుడు సంఖ్యల్లో తేడా. కోడ్ వైపు సేవ్_పోస్ట్‌కు మీ కస్టమ్ ప్లగిన్ కాల్‌బ్యాక్ ఒకటే వరుస. నడక వైపు, ఎడిటర్ ‘అప్‌డేట్’ ఒక్కసారి నొక్కితే, అది రెండు మూడు సార్లు కనిపిస్తుంది. రికార్డులో పాత్‌లు చూడండి. మొదటిది రెస్ట్ రూట్‌కు వెళ్లిన రిక్వెస్ట్: బ్లాక్ ఎడిటర్ పోస్ట్‌ను దాంతోనే సేవ్ చేస్తుంది. సైట్లో పాత పద్ధతి మెటాబాక్స్‌లు (ఎడిటర్‌లో అదనపు ఫీల్డుల పెట్టెలు) ఉంటే, వాటి విలువలు మోసుకుంటూ అడ్మిన్‌లోని పోస్ట్ ఫైలుకు రెండో రిక్వెస్ట్ పోతుంది. రివిజన్ సేవ్ అయినప్పుడు అదే హుక్ రివిజన్ ఐడీతో మళ్లీ ఫైరవుతుంది. మొదటి రిక్వెస్ట్‌లో మెటాబాక్స్ ఫీల్డులు అసలు రావు. నాన్స్ తనిఖీ లేకుండా, ‘ఫీల్డ్ వస్తే ఆ విలువ, రాకపోతే ఖాళీ’ అని రాసిన కాల్‌బ్యాక్ అక్కడ ఉన్న విలువను తుడిచేసి, రెండో రిక్వెస్ట్‌లో మళ్లీ రాస్తుంది. ఆ రెంటి మధ్యలో నెట్ పోతే విలువ పోయినట్టే. మొబైల్ యాప్ నుంచి సేవ్ చేస్తే రెండో రిక్వెస్టే ఉండదు, ప్రతిసారీ పోతుంది. ‘అప్పుడప్పుడు ధర ఖాళీ అయిపోతోంది’ అనే ఫిర్యాదు వెనక ఉండేది చాలాసార్లు ఇదే.

ఇక అటు నుంచి చూద్దాం: నడకలో ఉండి కోడ్‌లో దొరకనివి. ఇవి తక్కువ ఉంటాయి, కానీ ఒక్కటి కూడా వదలకూడదు. కొన్ని పైన చెప్పిన ర్యాపర్లు. కొన్ని డేటాబేస్‌లో ఉన్న కోడ్: చిన్న చిన్న పీహెచ్‌పీ ముక్కలను అడ్మిన్ పేజీలోనే రాసుకోనిచ్చే ప్లగిన్లు ఆ ముక్కలను టేబుల్‌లో దాచి ఎవాల్‌తో (స్ట్రింగ్‌ను కోడ్‌గా నడిపే పద్ధతి) నడుపుతాయి. రిఫ్లెక్షన్‌లో ఫైలు పేరు చివర ‘ఎవాల్డ్ కోడ్’ అని కనిపిస్తే అదే. గిట్‌లో ఉండదు, బ్యాకప్ తీసిన డేటాబేస్‌లో మాత్రమే ఉంటుంది.

ఫైళ్ల జాబితానూ ఇదే తీరున పోల్చండి. గెట్_ఇంక్లూడెడ్_ఫైల్స్ ఇచ్చినవి ఒక వైపు, మీరు పార్స్ చేసినవి ఒక వైపు. అప్‌లోడ్స్ ఫోల్డర్ నుంచి ఒక్క పీహెచ్‌పీ ఫైలు లోడైనా అది పెద్ద ప్రమాద సూచన, దాని సంగతి తేలేదాకా మిగతా పని ఆపేయండి. వర్డ్‌ప్రెస్ రూట్ బయట ఉన్న ఫైలు కనిపిస్తే, పీహెచ్‌పీ సెట్టింగుల్లో ఆటో_ప్రిపెండ్_ఫైల్ ఉందేమో చూడండి. కొన్ని హోస్టింగ్‌లు, ఫైర్‌వాల్ ప్లగిన్లు సక్రమంగానే వాడతాయి, మాల్వేర్ కూడా వాడుతుంది. వర్డ్‌ప్రెస్ కోడ్‌ను ఎంత చదివినా ఇది దొరకదు, ఎందుకంటే దాన్ని పిలిచే లైను వర్డ్‌ప్రెస్‌లో లేదు.

చదివిన జ్ఞానాన్ని నడిచే సమయంలో వాడుకోవడం పరిశోధకులు చాలాకాలంగా చేస్తున్నదే. జార్జియా టెక్‌లో హాఫాండ్, ఓర్సో 2005లో చూపించిన అమ్నీజియా అనే టూల్ జావా వెబ్ అప్లికేషన్ కోడ్ చదివి, ఒక్కో చోటు నుంచి ఏ ఆకారంలో ఎస్‌క్యూఎల్ క్వెరీలు రావొచ్చో మోడల్ కట్టేది. నడిచేటప్పుడు ఆ ఆకారానికి సరిపోని క్వెరీ వస్తే ఇంజెక్షన్ (క్వెరీలోకి దొంగ కోడ్ చొప్పించే దాడి) అని ఆపేసేది. మన జాబితాలతో చేసేదీ అదే ఆలోచన, మనిషి కూర్చుని చేసే తీరులో.

ఇంకా మిగిలిన వరుసలకు కారణం రాయండి: రోల్ తేడా, సీజన్ పని, ఎర్రర్ దారి, ఆఫ్‌లో ఉన్న ఫీచర్, ఇంకా నడపలేదు. ‘చచ్చిన కోడ్’ అన్న మాట అన్నిటికన్నా చివర వాడాలి, అది కూడా నేరుగా తీసేయకుండా. అనుమానమున్న ఫంక్షన్ మొదటి లైన్లో తేదీ, పాత్ రాసే ఒక లాగ్ లైను పెట్టి లైవ్‌లోకి పంపండి. కాలేజీ సైట్ అయితే అడ్మిషన్లు, ఫలితాలు రెండూ గడిచేదాకా, దుకాణం అయితే దసరా, దీపావళి, మార్చి నెలాఖరు లెక్కలు దాటేదాకా ఉంచండి. అప్పటికీ ఆ లాగ్ ఖాళీగా ఉంటే తీసేయొచ్చు. ఒక్క లైనైనా పడితే ఆ పాత్ పట్టుకుని స్టేజింగ్‌లో అదే రిక్వెస్ట్‌ను ట్రేస్‌తో నడిపి, జాబితాలో ఆ వరుస పక్కన కొత్త కారణం రాసుకోండి.